వింబుల్డన్‌లో ఒక్కసారే గెలిచినవాళ్లు

వింబుల్డన్ మెన్స్ సింగిల్స్ ఛాంపియన్ల జాబితాని పై నుంచి కిందికి చదువుకుంటూ పోతే పేర్లు గుంపులు గుంపులుగా వస్తాయి. 1976 నుంచి 1980 దాకా ఐదేళ్లూ బోర్గ్ ఒక్కడే. 1993 నుంచి 2000 మధ్య ఎనిమిదేళ్లలో ఏడుసార్లు సాంప్రస్. 2003 నుంచి ఐదేళ్లు వరసగా ఫెదరర్, ఆ తర్వాత కూడా మూడుసార్లు, మొత్తం ఎనిమిది. ఇవి అందరికీ తెలిసినవే. నాకు మాత్రం ఆ గుంపుల మధ్యలో ఒంటరిగా నిలబడ్డ పేర్ల మీదే ఎప్పుడూ కన్ను. ఒకసారి కనబడి, పైనా కిందా ఇంకెక్కడా కనబడని పేర్లు. ప్రొఫెషనల్స్‌కి తలుపులు తెరిచిన 1968 నుంచి చూస్తే స్మిత్, కోడెష్, ఆష్, క్యాష్, స్టిచ్, అగస్సీ, క్రయిచెక్, ఇవానిసెవిచ్, హెవిట్. తొమ్మిది మంది. 2025లో గెలిచిన సినర్‌ని ఇందులో కలపట్లేదు, అతనికి ఇంకా బోలెడంత కెరీర్ ఉంది.

దీని మీద రాయాలని ఎందుకనిపించిందంటే, మా అన్నయ్యకీ నాకూ పాతికేళ్లుగా తెగని గొడవ ఒకటుంది. వాడు సాంప్రస్ వీరాభిమాని. 1996లో రిచర్డ్ క్రయిచెక్ క్వార్టర్ ఫైనల్లో సాంప్రస్‌ని మూడు వరస సెట్లలో ఓడించి, ఆ ఊపులోనే టైటిల్ కూడా కొట్టేశాడు. అది గాలివాటం గెలుపు అని మా వాడి వాదన. కాదని నేను. అంతకుముందు సాంప్రస్ అక్కడ వరసగా పాతిక మ్యాచ్‌లు గెలిచి ఉన్నాడు, ఆ ఎనిమిదేళ్లలో వింబుల్డన్‌లో అతను ఓడింది ఆ ఒక్క మ్యాచే. అలాంటివాణ్ని 7-5, 7-6, 6-4తో ఓడించడం గాలివాటం ఎలా అవుతుంది? పైగా వాళ్లిద్దరూ కెరీర్ మొత్తంలో పదిసార్లు తలపడితే ఆరుసార్లు గెలిచింది క్రయిచెక్. ఆ పొడుగు మనిషి సర్వీస్ ముందు సాంప్రస్ రిటర్న్ నిలబడేది కాదు, అంతే సంగతి. ఈ లెక్క చెప్పినప్పుడల్లా మా అన్నయ్య మాట మార్చేస్తాడు. "మరి మళ్లీ ఎందుకు గెలవలేదు?" అంటాడు. ఒక్కసారి గెలిచినవాళ్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే, నాకు ఒళ్లు మండేది కూడా ఇక్కడే.

ఈ ప్రశ్న వల్ల ఎక్కువ అన్యాయం జరిగింది యాన్ కోడెష్‌కి. 1973లో నికోలా పిలిచ్ అనే యుగోస్లావియా ఆటగాడు దేశాల మధ్య జరిగే డేవిస్ కప్‌లో ఆడనన్నాడని అక్కడి సమాఖ్య అతన్ని సస్పెండ్ చేసింది, ఆ సస్పెన్షన్ వింబుల్డన్‌కి కూడా అడ్డుపడింది. అప్పుడే కొత్తగా పుట్టిన ఆటగాళ్ల సంఘం ఏటీపీ, అతను ఆడకపోతే మేమూ ఆడం అని బహిష్కరించింది. 81 మంది తప్పుకున్నారు. ముందటి ఏడాది గెలిచిన స్టాన్ స్మిత్ కూడా అందులో ఉన్నాడు. (స్మిత్ గెలిచిన 1972లో కూడా ఒక ప్రొఫెషనల్ సర్క్యూట్‌తో కాంట్రాక్టులున్న పెద్ద పెద్ద ఆటగాళ్లని రానివ్వలేదు, న్యూకోంబ్‌తో సహా. ఆ సంగతి ఎవరూ అంతగా ఎత్తరు.) అలా మిగిలిన ఆటగాళ్ల మధ్య చెకోస్లొవేకియా నుంచి వచ్చిన కోడెష్ గెలిచాడు, ఫైనల్లో మెట్రెవెలి మీద. దాంతో ఎవరూ లేనప్పుడు గెలిచినవాడు అనే ముద్ర జీవితాంతం అతని పేరు వెనకాలే తిరిగింది. కానీ అతను అప్పటికే 1970, 71లో రెండుసార్లు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. వింబుల్డన్ అయిన రెండు నెలలకే, అందరూ ఆడిన యూఎస్ ఓపెన్‌లో అదే స్టాన్ స్మిత్‌ని సెమీస్‌లో ఓడించి ఫైనల్‌కి వెళ్లి, న్యూకోంబ్ చేతిలో ఐదు సెట్లలో ఓడాడు. అందరితోనూ ఆడి నిరూపించుకున్నాక కూడా జనం ఆ వింబుల్డన్‌నే పట్టుకుని వేలాడారు. రానివాళ్ల సంగతి తేల్చాల్సింది వచ్చినవాడు కాదు కదా.

ఆర్థర్ ఆష్‌ని ఎవరూ గాలివాటం అనరు, అనలేరు. 1975 ఫైనల్ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అవతల జిమ్మీ కానర్స్, నంబర్ వన్, ముందటి ఏడాది విజేత, ఫైనల్ దాకా ఒక్క సెట్ కూడా వదలకుండా వచ్చాడు. సెమీస్‌లో బుల్లెట్‌లా సర్వీస్ చేసే రాస్కో టానర్‌ని చితక్కొట్టి వచ్చాడు. ఆష్‌కి 32 నిండడానికి ఇంకా ఐదు రోజులుంది, అప్పటిదాకా కానర్స్ మీద ఒక్కసారీ గెలవలేదు. కొట్టేకొద్దీ కానర్స్‌కి పండగే, ఎదుటివాడి వేగాన్నే తీసుకుని తిప్పికొట్టే ఆట అతనిది. అందుకని ఆష్ ఆ రోజు తన సహజమైన ఆటనే పక్కన పెట్టాడు. జీవితమంతా బలంగా కొట్టిన మనిషి ఆ ఒక్క మధ్యాహ్నం బంతిని మెత్తగా, కిందగా, ముఖ్యంగా కానర్స్ ఫోర్‌హ్యాండ్ వైపు పొట్టిగా వేశాడు. ముందుకొస్తే తల మీదుగా లాబ్. సర్వీస్‌ని స్లైస్ చేసి రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్‌కి అందనంత దూరంగా. కానర్స్‌కి కొట్టడానికి వేగమే దొరకలేదు, వాడు బలంగా లాగిన బంతులన్నీ నెట్‌కో బయటికో పోయాయి. మొదటి రెండు సెట్లూ 6-1, 6-1.

ఆ వీడియోలో నాకు ఆట కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది మధ్యలో విరామం. పక్క కుర్చీలో కానర్స్ కుదురుగా ఉండలేకపోతుంటాడు. ఆష్ మాత్రం వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని, కదలకుండా కూర్చుని ఉంటాడు. మణికట్లకి ఎరుపు, తెలుపు, నీలం రంగుల పట్టీలు. ఫైనల్ ఆడుతున్న మనిషిలా ఉండడు, పూజలో కూర్చున్నట్టు ఉంటాడు. అప్పటికి కానర్స్ అతని మీద పరువునష్టం దావా వేసి ఉన్నాడు, ఆ కేసు నడుస్తుండగానే ఇద్దరూ ఫైనల్ ఆడారు. ఆష్‌కి మూడో సెట్ పోయింది, నాలుగో సెట్‌లో 0-3 వెనకబడ్డాడు, అప్పుడు కూడా మళ్లీ కొట్టుడు మొదలుపెట్టకుండా ఆ మెత్తని ఆటనే నమ్ముకుని 6-4తో ముగించాడు. నాకు అసలు గొప్పగా అనిపించేది ఆ 0-3 దగ్గర నిలబడటమే. వింబుల్డన్ మెన్స్ సింగిల్స్ గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే, ఇప్పటిదాకా అతనొక్కడే.

ప్యాట్ క్యాష్ గురించి రెండు మాటలే చెప్తా. 1987లో లెండిల్‌ని ఓడించగానే జనం మీదుగా ఎక్కుతూ పాకుతూ వెళ్లి తన వాళ్లని కౌగిలించుకున్నాడు. ఇప్పుడు గెలిచినవాళ్లు చాలామంది అదే చేస్తున్నారు, మొదలెట్టింది అతను. ఇక ఆ లెండిల్‌కి ఎనిమిది గ్రాండ్‌స్లామ్‌లు ఉన్నా ఈ ఒక్కటే దక్కలేదు. ఒక్కసారి గెలవడం ఎంత కష్టమో చెప్పడానికి లెండిల్ చాలు.

మైకేల్ స్టిచ్ 1991 సెమీఫైనల్ టెన్నిస్ చరిత్రలోనే ఒక వింత. అవతల స్టెఫాన్ ఎడ్‌బర్గ్, టాప్ సీడ్, ముందటి ఏడాది విజేత. స్కోరు చూడండి: 4-6, 7-6, 7-6, 7-6. మ్యాచ్ మొత్తంలో ఎడ్‌బర్గ్ తను సర్వీస్ చేసిన గేమ్ ఒక్కసారి కూడా పోగొట్టుకోలేదు. ఒక్కసారి కూడా! మొదటి సెట్‌లో స్టిచ్ సర్వీస్‌నే బ్రేక్ చేశాడు కూడా, అంటే స్టిచ్ సర్వీస్ చేసిన గేమ్ గెలిచాడు. అయినా ఓడిపోయాడు, ఎందుకంటే మూడు టైబ్రేక్‌లూ (గేములు 6-6 అయినప్పుడు సెట్‌ని తేల్చే పాయింట్ల ఆట) స్టిచ్‌కే పోయాయి. గేములు లెక్కేస్తే స్టిచ్‌కి 25, ఎడ్‌బర్గ్‌కి 24. టైబ్రేక్ పద్ధతిని కనిపెట్టిన జిమ్మీ వాన్ అలెన్ అనే అమెరికన్ సరిగ్గా ఆ వారంలోనే చనిపోయాడు, ఆ కబురు మ్యాచ్ తర్వాత తెలిసింది. ఆయనే లేకపోయుంటే మేమిద్దరం ఇంకా ఆ కోర్టులోనే ఆడుతూ ఉండేవాళ్లమని ఎడ్‌బర్గ్ అన్నాడు. అంత దెబ్బ తిన్న రోజున అలా మాట్లాడగలగడం ఎడ్‌బర్గ్‌కే చెల్లింది.

ఫైనల్లో స్టిచ్ మీద ఆడింది బెకర్. సెంటర్ కోర్ట్ బెకర్‌కి సొంత ఇల్లు లాంటిది, 17 ఏళ్ల వయసులో 1985లో గెలిచిన చోటు. స్టిచ్ మూడు సెట్లలో గెలిచేశాడు. ఆఖరి రిటర్న్ కొట్టి మోకాళ్ల మీద పడిపోతే, అంపైర్ అలవాటు కొద్దీ గెలిచింది బెకర్ అని ప్రకటించి, మళ్లీ దిద్దుకున్నాడు. ఆ ముక్క విన్నప్పుడల్లా నాకు స్టిచ్ మీద జాలేస్తుంది. జర్మనీలో కూడా అతను ఎప్పుడూ బెకర్ నీడలోనే ఉండిపోయాడు. తర్వాతి ఏడాది అదే ఇద్దరూ కలిసి బార్సిలోనా ఒలింపిక్స్‌లో డబుల్స్ బంగారు పతకం గెలిచారు.

ఇక 1992. ఆ ఫైనల్లో ఇద్దరూ తర్వాత ఈ ఒక్కసారి జాబితాలోకే వచ్చారు. గెలిచింది అగస్సీ. అందరూ సర్వీస్ చేసి నెట్‌కి పరిగెత్తే పచ్చిక మీద అతను బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) వదలకుండా గెలిచాడు, అదే అతని మొదటి గ్రాండ్‌స్లామ్. ఓడింది క్రొయేషియా ఆటగాడు గోరన్ ఇవానిసెవిచ్, ఆ రెండు వారాల్లో 200 పైన ఏస్‌లు, అంటే ఎదుటివాడు తాకలేని సర్వీసులు, కొట్టి కూడా. తర్వాత 1994లో, 1998లో ఫైనల్‌కి వచ్చాడు, రెండుసార్లూ సాంప్రస్ చేతిలో ఓడాడు. ఆ 98 ఓటమి ఐదు సెట్లు. ఆ తర్వాత భుజం పాడైంది. 2000 చివర్లో ఇంగ్లండ్‌లోనే బ్రైటన్‌లో ఒక మ్యాచ్‌లో కోపంతో ఉన్న రాకెట్లన్నీ విరగ్గొట్టేసుకుని, ఆడటానికి రాకెట్ లేక వెళ్లిపోవాల్సి వచ్చింది.

2001కి గోరన్ ర్యాంక్ 125. డైరెక్ట్ ఎంట్రీ లేదు. మూడుసార్లు ఫైనల్ ఆడాడన్న గౌరవంతో వైల్డ్ కార్డ్ ఇచ్చారు, అంటే ర్యాంక్‌తో పనిలేకుండా నిర్వాహకులు ఇచ్చే చోటు. ఆ ఏడాదే నాలుగో రౌండ్లో ఫెదరర్ అనే కుర్రాడు సాంప్రస్‌ని ఓడించాడు, మా ఇంట్లో ఆ రాత్రి అన్నయ్య అన్నం సరిగ్గా తినలేదు. నాకు మాత్రం ఒకటే ఆలోచన, గోరన్ దారిలోంచి సాంప్రస్ తప్పుకున్నాడని. సెమీస్‌లో ఇంగ్లండ్ ఆటగాడు టిమ్ హెన్‌మన్, ఊరంతా అతని వైపే. మూడో సెట్‌ని హెన్‌మన్ పావుగంటలో 6-0 లాగేశాడు, రెండు సెట్లు ఒకటితో ముందున్నాడు, అప్పుడు వాన. శుక్రవారం మొదలైన మ్యాచ్ ఆదివారానికి గానీ అవ్వలేదు, ఆ ఆగి ఆగి ఆడిన రోజుల్లో గోరన్ తేరుకున్నాడు. ఫైనల్ సోమవారానికి జరిగింది. పదివేల టికెట్లు అప్పటికప్పుడు అమ్మారు కాబట్టి సెంటర్ కోర్ట్‌లోకి మామూలు జనం వచ్చేశారు, క్రొయేషియా జెండాలు, ఆస్ట్రేలియా జెండాలు, పాటలు. అంత గోల చేసిన వింబుల్డన్ ఫైనల్ నేను మళ్లీ చూడలేదు.

ఎదురుగా ఆస్ట్రేలియా ఆటగాడు ప్యాట్ రాఫ్టర్. బంగారంలాంటి మనిషి, ముందటి ఏడాది కూడా ఫైనల్లో ఓడినవాడు. నాలుగో సెట్‌లో గోరన్ గీత తొక్కి సర్వీస్ చేశాడని ఒక ఫుట్ ఫాల్ట్ ఇచ్చారు, వెంటనే డబుల్ ఫాల్ట్ (రెండు సర్వీసులూ తప్పి పాయింట్ పోవడం), రాకెట్ విసిరాడు, నెట్‌ని తన్నాడు, సెట్ పోయింది. అయిపోయింది, మళ్లీ అదే కథ అనుకున్నా. ఐదో సెట్ 8-7. సర్వీస్ గోరన్‌ది. మొదటి ఛాంపియన్‌షిప్ పాయింట్, డబుల్ ఫాల్ట్. రెండోది, మళ్లీ డబుల్ ఫాల్ట్. పదేళ్లుగా ఏస్‌లు తప్ప ఇంకేమీ తెలియని చెయ్యి బంతిని నెట్ దాటించలేకపోతోంది. ప్రతి సర్వీస్‌కి ముందు బాల్‌బాయ్ దగ్గర ఇందాకటి బంతే కావాలని అడుగుతున్నాడు, ఆకాశం వైపు చూసి ఏదో గొణుక్కుంటున్నాడు, కళ్లల్లో నీళ్లు అప్పటికే. మూడో పాయింట్‌కి రాఫ్టర్ లాబ్ వేసి కాపాడుకున్నాడు, గోరన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. నేను టీవీకి అడుగు దూరంలో నిలబడి ఉన్నా, కూర్చోవడం మర్చిపోయి. నాలుగోది రెండో సర్వీస్. మెల్లగా వేశాడు, రాఫ్టర్ ఫోర్‌హ్యాండ్ నెట్‌కి తగిలింది. గోరన్ ముఖం నేలకి ఆనించి పచ్చిక మీద పడిపోయాడు. లేచి జనంలోంచి ఎక్కి వాళ్ల నాన్న దగ్గరికి వెళ్లాడు. వైల్డ్ కార్డ్ మీద వచ్చి మెన్స్ సింగిల్స్ గెలిచినవాడు ఇప్పటికీ అతనొక్కడే. మా అన్నయ్య, సాంప్రస్ మనిషి, ఆ రోజు నాకన్నా ముందు చప్పట్లు కొట్టాడు. సొంత ఊరు స్ప్లిట్‌లో లక్ష మందికి పైగా సముద్రం ఒడ్డున ఎదురుచూస్తుంటే, అంతకు ఎనిమిదేళ్ల ముందు కారు ప్రమాదంలో పోయిన బాస్కెట్‌బాల్ ఆటగాడు, తన స్నేహితుడు ద్రాజెన్ పెత్రోవిచ్ జెర్సీ వేసుకుని వాళ్ల ముందుకొచ్చాడు.

తర్వాతి ఏడాది టైటిల్ నిలబెట్టుకోవడానికి కూడా అతను రాలేకపోయాడు, భుజానికి ఆపరేషన్. ఆ ఏడాది గెలిచిన హెవిట్ కూడా ఒక్కసారివాడే. అతని తర్వాత 2003 నుంచి 2022 దాకా ఫెదరర్, నాదల్, జొకోవిచ్, ముర్రే తప్ప ఇంకెవరికీ ఆ కప్పు అందలేదు. జాబితాలో రెండు ఒంటరి పేర్లు పక్కపక్కనే ఉంటాయి, 2001 గోరన్, 2002 హెవిట్. 2004లో ఆ ఇద్దరే సెంటర్ కోర్ట్ మీద మూడో రౌండ్లో కలిశారు. హెవిట్ మూడు సెట్లలో గెలిచాడు. గోరన్ కెరీర్‌లో అదే ఆఖరి మ్యాచ్.