శాన్ హోసే చైనాటౌన్: తవ్వి తీశాక జరగవలసిన పని

సిలికాన్ వ్యాలీలో స్థిరపడిన మన తెలుగువాళ్లలో శాన్ హోసే నడిబొడ్డునున్న సీజర్ చావెజ్ ప్లాజాను చూడనివారు తక్కువే గానీ, దాని ఎదురుగా పెద్ద హోటల్ నిలబడి ఉన్న చోట ఒకప్పుడు వెయ్యిమందికి పైగా చైనీయులు కాపురమున్న మార్కెట్ స్ట్రీట్ చైనాటౌన్ ఉండేదని తెలిసినవారు నాకు అరుదుగానే తారసపడ్డారు. 1887లో నగర పాలకవర్గం ఆ పేటను ప్రజలకు బెడదగా ప్రకటించి తొలగించాలని తీర్మానించింది. అదే ఏడాది మే 4న దుండగులు పెట్టిన నిప్పుకు అది కాలిపోయింది. నగరం అధికారికంగా క్షమాపణ చెప్పింది 2021లో.

1985లో అక్కడ కొత్త భవనాల కోసం యంత్రాలు దిగినప్పుడు, పురావస్తు నిపుణులు ఆ పనుల నడుమనే హడావిడిగా తవ్వకాలు జరపవలసి వచ్చింది. అన్నం గిన్నెలు, సోయా సాస్ నిలవచేసే గోధుమరంగు జాడీలు, నల్లమందు గొట్టాల మట్టి బుడ్లు, ఆటల్లో వాడే నలుపు తెలుపు గాజు బిళ్లలు, పంది ఎముకలు, చేప ముళ్లు బయటపడ్డాయి. అవన్నీ పెట్టెల్లోకి చేరి, ఏళ్ల తరబడి గోదాములోనే ఉండిపోయాయి. 2002లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు బార్బరా వాస్ స్థానిక చైనీయ సంఘంతో, నగర చరిత్ర సంస్థతో కలిసి వాటిని వరుసపెట్టి నమోదు చేసే పని చేపట్టారు. అప్పుడే కొన్ని గిన్నెల మీద, కాల్చి మెరుగెక్కించిన పింగాణీని సన్నని మొనతో చుక్కలు చుక్కలుగా పొడిచి చెక్కిన చైనా అక్షరాలను శ్రద్ధగా చదవడం సాధ్యమైంది. తన గిన్నె తనదేనని గుర్తుపెట్టుకోవడానికి ఒక మనిషి అంత ఓపికగా కూర్చుని చెక్కుకున్నాడన్న ఊహ నన్ను ఎంతగానో కదిలిస్తుంది.

కట్టడానికి ముందు తవ్వితే బాధ్యత తీరిందనుకోవడం సరికాదని నా గట్టి అభిప్రాయం. మన నాగార్జునకొండలోనూ జలాశయం నిండేలోపు, 1954 నుంచి 1960 వరకు, ఎంతో శ్రమించి తవ్వారు. అయితే చారిత్రక యుగానికి సంబంధించిన నివేదిక సంపుటం వెలువడింది 2006లో. తవ్వకానికి కేటాయించే సొమ్ముతో పాటే కడగడానికి, నమోదుకు, పరిశీలనకు, ప్రచురణకు అయ్యే ఖర్చును కూడా నిర్మాణ అనుమతిలోనే చేర్చాలి.

నిప్పుకు నిరాశ్రయులైన ఆ చైనీయులకు జాన్ హైన్లెన్ అనే జర్మన్ వలసదారు తన స్థలాన్ని అద్దెకిచ్చి నిలబెట్టిన హైన్లెన్‌విల్‌లో, 2008లో సోనోమా స్టేట్ విశ్వవిద్యాలయ బృందం నిర్మాణం మొదలవక ముందే తవ్వకాలు చేపట్టింది. మార్కెట్ స్ట్రీట్‌కు ఆ అవకాశం దక్కలేదు.