చిట్టికి పిడుదుల జ్వరం వచ్చినప్పుడు

మా చిట్టి దేశవాళీ ఆడకుక్క. అత్తాపూర్‌లోని మా ఫ్లాటుకు వచ్చేనాటికి దానికి రెండేళ్లు ఉండవచ్చని వీధికుక్కల సంరక్షణ కేంద్రంవారు అంచనాగా చెప్పారు. టీకాల కార్డు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ధ్రువపత్రం, ఆ ఆపరేషన్‌కు గుర్తుగా చెవి కొసన కత్తిరించిన నొక్కు, అన్నీ చూసుకునే తెచ్చుకున్నాము. వారు రూపాయి తీసుకోలేదు. మెడపట్టీ, గిన్నెలు, పరుపు, మునిసిపల్ కార్పొరేషన్ లైసెన్సు, ఏటా వేయించవలసిన రేబిస్ టీకా కలిపి ఎంతవుతుందో మా ఆయన ముందే కాగితం మీద లెక్క వేసి పెట్టారు. ఆ కాగితంలో జబ్బుకు పద్దు లేదు.

వచ్చిన కొత్తలో చిట్టి ఎక్కువసేపు పడుకునే ఉండేది. కొత్త చోటు బెంగ అని అత్తయ్యగారు అన్నారు, అది నిజమేననిపించేలా అప్పుడప్పుడు లేచి తోక ఊపుతూ వీధి గుమ్మందాకా వచ్చేది. వానలు మొదలయ్యాక అన్నం వాసన చూసి మొహం తిప్పుకోసాగింది. ఒక సాయంత్రం దాని పొట్ట నిమురుతూ ఉంటే, వెంట్రుకలు పలచగా ఉన్న చోట సూది మొనతో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు కనిపించాయి. తెల్లవారేసరికి ముక్కులోంచి రక్తం కారుతోంది.

ఇంటికి దగ్గరలోని ప్రైవేటు క్లినిక్కులో డాక్టరుగారు మొదట చేసిన పని దాని పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలడం. నొక్కిన చోట తెల్లబడి, వదలగానే మళ్లీ గులాబీ రంగు రావాలి. చిట్టి చిగుళ్లు నొక్కకముందే పాలిపోయి ఉన్నాయి. జ్వరం 104 డిగ్రీలు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 22,000 అని తేలింది, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అవి 2 లక్షలకు తగ్గకూడదట. హిమోగ్లోబిన్ 4.6. కిట్టు పరీక్షలో ఎర్లీకియా ఉన్నట్టు గీత పడింది.

పిడుదుల జ్వరం అని అందరూ అనేది దీన్నే. కుక్కలను పట్టి ఉండే గోధుమరంగు పిడుదు కుట్టినప్పుడు ఎర్లీకియా కేనిస్ అనే బ్యాక్టీరియా రక్తంలోకి చేరి తెల్లరక్తకణాలలో కాపురం పెడుతుంది. మొదట కొద్దిరోజులు జ్వరం వచ్చి దానంతటదే తగ్గిపోవచ్చు. ఆ తరువాత నెలల తరబడి, ఒక్కొక్కసారి ఏళ్ల తరబడి పైకి ఏ లక్షణమూ కనిపించకుండా ఉండి, చివరకు ఎముక మజ్జను దెబ్బతీసి రక్తం తయారు కాకుండా చేస్తుంది. కాబట్టి చిట్టి ఈ జబ్బును వీధిలో ఉన్నప్పుడే తెచ్చుకొని ఉండవచ్చు. సంరక్షణ కేంద్రంవారు దాచిపెట్టారని మా బంధువులు కొందరు అన్నారు గాని, పదుల కుక్కలను సాకుతూ, పైకి నిక్షేపంగా తిరుగుతున్న ప్రతిదానికీ ఇన్ని పరీక్షలు చేయించలేదని వారిని తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచలేదు.

రక్తం ఎక్కించాలన్నారు. మనుషులకు ఉన్నట్టు అడగగానే రక్తం దొరికే ఏర్పాటు ఆ క్లినిక్కులో లేదు, రక్తమిచ్చే కుక్కను మేమే వెతుక్కోవాలి. మూడో అంతస్తులో ఉండే ముప్పై కిలోల లాబ్రడార్ యజమాని, ‘‘అక్కా, మావాడిని తీసుకొస్తా, మీరు కంగారు పడకండి’’ అంటూ బయలుదేరాడు. కుక్కల రక్తంలోనూ గ్రూపులు ఉన్నాయి గాని, మొదటిసారి ఎక్కించేటప్పుడు తీవ్రమైన వికటింపు అరుదని డాక్టరుగారు వివరించి, అయినా రెండు రక్తాలనూ కలిపి సరిపోల్చి చూశారు. మెడ దగ్గర వెంట్రుకలు గొరిగి సూది గుచ్చి సంచిలోకి రక్తం తీస్తున్నంతసేపూ ఆ లాబ్రడార్ బల్ల మీద పక్కకు పడుకొని, యజమాని చేతిలోని బిస్కెట్ పొట్లం వైపే చూస్తూ ఉన్నాడు. వాడికి చేసిన పరీక్షల ఖర్చు కూడా మా బిల్లులోనే పడింది, అది సబబే.

సబబు కానిది మరొకటి. సెలైన్ పెట్టించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ డాక్టరు చూసినా చూడకపోయినా చూసినందుకు ఫీజు వేశారు, గట్టిగా అడిగేవరకు వివరంగా బిల్లు ఇవ్వలేదు. మొత్తం కలిపి చూస్తే ఆ నెల చిట్టి మీద పెట్టినది మా ఇంటి అద్దెకు రెట్టింపు. విచిత్రమేమిటంటే అందులో అన్నిటికంటే చవకైనది అసలు మందే. డాక్సీసైక్లిన్ మాత్రలు, కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు. మనుషుల మందుల షాపులో దొరికేవే. ఖర్చంతా ఆ మాత్రలు పనిచేసేదాకా ప్రాణం నిలబెట్టడానికి అయింది.

మాత్ర వేయడమూ అంత తేలిక కాలేదు. ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకునేది. పెరుగన్నంలో పెడదామంటే, పాలు పెరుగులలోని కాల్షియం ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఉడికించిన కోడి కాలేయం ముక్కలో మాత్రను దాచి పెట్టే ఉపాయం అత్తయ్యగారిదే; చిన్నప్పటినుంచి శాకాహారి అయిన ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని మరీ ఆ పని చేసేవారు.

రెండో అభిప్రాయం కోసం రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాము. వరుస పెద్దదే, వేచి ఉండక తప్పలేదు. అక్కడి ప్రొఫెసరుగారు విద్యార్థులను చుట్టూ నిలబెట్టుకొని చిట్టి కాగితాలు చదివించి, అదే వైద్యం కొనసాగించమన్నారు. కిట్టు పరీక్ష మళ్లీ చేయించనక్కరలేదని కూడా చెప్పారు. అది చూపేది జబ్బును కాదు, జబ్బును ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి నయమయ్యాక కూడా చాలాకాలం ఉంటాయి. ప్లేట్‌లెట్ల లెక్క చూస్తే చాలునన్నారు. ఆ ఒక్క మాటతో మాకు కొన్ని వేలు మిగిలాయి.

మాత్రల కోర్సు పూర్తయ్యేసరికి ప్లేట్‌లెట్లు 1,90,000కు వచ్చాయి. చిగుళ్లకు రంగు తిరిగింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే నన్ను లాక్కుపోవడం మొదలుపెట్టింది. ఆ పిడుదు ఇంట్లోనే గోడ పగుళ్లలో గుడ్లు పెట్టి పెరగగలదు గనుక ఫ్లాటంతా మందు కొట్టించాము. అది మరో బిల్లు. పిడుదులను చంపే నమిలే మాత్ర నెలనెలా వేస్తున్నాము. బీమా కోసం విచారిస్తే ముందునుంచి ఉన్న జబ్బు కింద దీన్ని మినహాయిస్తామన్నారు. అందుకని పోస్టాఫీసులో చిట్టి కోసం రికరింగ్ డిపాజిట్ తెరిచాము. ఖాతా మాత్రం మా ఆయన పేరు మీద ఉంది.