పాతిక అంగుళాల నాలుగు నూళ్ళు

ఈ వేసవిలో మా పెద్దాడు విజయవాడ పటమటలో వాళ్ళ తాతయ్య షెడ్డులో ఎలక్ట్రిక్ గిటార్ చేశాడు. పద్నాలుగేళ్ళు వాడికి. పుట్టి పెరిగింది డాలస్‌లో. అక్కడ శనివారం ఆన్‌లైన్ తెలుగు క్లాసు అనగానే కడుపునొప్పి వచ్చేస్తుంది. మా నాన్నేమో నలభై ఏళ్ళు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టినవాడు, ఇంగ్లీషు నాలుగు ముక్కలు కూడా రాదు. ఆరు వారాలు వీళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారా అని నాకు టెన్షన్.

అంగుళాల్లో మాట్లాడుకున్నారు. ఇక్కడి పిల్లలకి బళ్ళో సెంటీమీటర్లే. అమెరికా పిల్లాడికి అంగుళం, అందులో సగం, పావు, ఎనిమిదో వంతు. ఆటోనగర్ మేస్త్రికీ అవే. ఫెండర్ గిటార్లలో తీగ పొడవు ఇరవై అయిదున్నర అంగుళాలని వాడు చూపిస్తే, "అంటే పాతిక అంగుళాల నాలుగు నూళ్ళు" అన్నాడు నాన్న. మర్నాటికల్లా వీడూ అదే భాష. "తాతా, ఇంకో నూలు చిత్రిక పట్టాలి." చివరికి సిగ్గు విడిచి వాడినే అడిగాను, నూలంటే ఏంట్రా అని.

"వన్ ఎయిత్, డాడీ. నీకు తెలీదా?"

తెలీదు. నేను పెరిగింది ఆ ఇంట్లోనే. కానీ షెడ్డు గుమ్మం తొక్కితే చాలు, "ఇక్కడ నీకేం పని, పోయి చదువుకో" అని తరిమేవాడు నాన్న. ఇంటర్, ఎంసెట్, తర్వాత విమానం. మనవడికి మాత్రం ఉలి చేతికిచ్చి పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. ఈర్ష్య పడ్డాను, అబద్ధమెందుకు.

బాడీకి పాత గుమ్మం టేకు. తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లు డాలస్ నుంచే తెచ్చాడు. అయస్కాంతం చుట్టూ వేల చుట్లు రాగి తీగ, మందం వెంట్రుకంత. మెడ మీద స్వరాలకి అడ్డంగా బిగించే మెట్ల దగ్గర నూళ్ళు పనికిరాలేదు. తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు, మిగిలినదాన్ని మళ్ళీ భాగిస్తే రెండోది. మొదటిది 36.35 మిల్లీమీటర్లు. వాడు ఫోన్లో లెక్కేసి గీతలు గీశాడు. నాన్న పన్నెండో గీత ఒక్కటే టేపుతో చూశాడు. పన్నెండు అంగుళాల ఆరు నూళ్ళు, సరిగ్గా సగం. "కొయ్యి" అన్నాడు.

ఏడో గీత దగ్గర రంపం అవతలికి జారింది. వాడికి కళ్ళనీళ్ళు. నాన్న గోడవారన ఉన్న అమ్మ వీణ చూపించాడు. "నూజివీడుది. దీని మెట్లు మైనంలో నిలబెడతారురా, శ్రుతి తప్పితే జరుపుకోవచ్చు. నీదానికి రంపం పడిందంటే అంతే." ఇంకో చెక్క తీసిచ్చాడు. తిట్టలేదు. నేనైతే వీపు విమానం మోత మోగేది.

లారీ కేబిన్లకు కొట్టే పసుపు రంగే స్ప్రే చేయించారు. తీగలు బిగించి ఆంప్లిఫయర్‌కి కలిపితే ఒకటే గుయ్‌మని రొద. వైరు గుచ్చే జాక్ ఇనుము ముట్టుకుంటే తగ్గుతోంది, తీగలు ముట్టుకుంటే తగ్గట్లేదు. నేను యూట్యూబ్ తెరిచాను. నాన్న గిటార్ వైపు కాసేపు చూసి, "బాడీ ఎర్త్ ఇచ్చావా?" అన్నాడు.

వాడు తీగలు ఆనే బ్రిడ్జి విప్పాడు. కింద పెట్టిన వైరు చివర తోలు తీయలేదు. "నూలు తీస్తే చాలా, తాతా?"

"నాలుగు తియ్యి."