తాబేలు గుడ్లు తరలించే ఆ కొద్ది గంటలు

చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. బెసంట్ నగర్, నీలాంకరై వైపు ఉండే మన తెలుగువాళ్లు తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే రాత్రి చూడటానికి ఇష్టంగా వెళ్తారు. వెళ్లాల్సిందే. కానీ ఆ పిల్లల బతుకు చాలావరకు తేలేది అంతకు నెలన్నర ముందు, గుడ్లు తరలించిన రాత్రే.

గుడ్లను పెట్టినచోటే ఉంచగలిగితే అంతకన్నా మంచిది లేదు. నగరపు ఒడ్డున కుక్కలు, జనం, దీపాల వెలుగు ఆ అవకాశం ఇవ్వవు కాబట్టే హేచరీ, అంటే గుడ్లను తెచ్చి పూడ్చి పొదిగించే కాపలా ఉన్న చోటు. ఇక్కడ విద్యార్థుల బృందం 1988 నుంచి ఈ పని చేస్తోంది. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి, అంటే చట్టం అత్యధిక రక్షణ ఇచ్చే జీవి. అటవీ శాఖ అనుమతి లేకుండా గుడ్లు తాకడం నేరం. నడకలో తాబేలు జాడ కనిపిస్తే దాన్ని తొక్కకుండా నిలబడి, ఆ విద్యార్థుల బృందానికి కబురు చేయండి.

జాడ చివర ఇసుక చెదిరిన చోట సన్నని కర్రతో నెమ్మదిగా గుచ్చి చూస్తారు. చుట్టూ గట్టిగా ఉండి, ఒక్కచోట కర్ర జారినట్టు దిగితే అదే గూటి మెడ. అక్కడినుంచి చేతులతోనే తవ్వాలి, పార వద్దు. అడుగు దాదాపు మూరెడు లోతున ఉంటుంది. మెడ సన్నం, కింద కుండలా వెడల్పు. మామూలుగా నూరు, నూట ఇరవై గుడ్లుంటాయి. గుడ్లు తీశాక గూటి లోతు, మెడ వెడల్పు కొలిచి రాసుకోవాలి, హేచరీలో అదే కొలతతో గుంట తీయాలి కాబట్టి. లోతు తగ్గితే ఎండ వేడి గుడ్లకు తగులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం సమయం. పెట్టిన కొన్ని గంటలకు పిండం పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం చచ్చిపోతుంది. అందుకే ఆరు గంటలు దాటకముందే తరలింపు పూర్తి కావాలి. గుడ్డును తిప్పకుండా, ఉన్న వైపు అలాగే ఉంచి, గూటి తడి ఇసుకతో పాటు గుడ్డ సంచిలో పెడతారు. సంచి ఊపుతూ నడవకూడదు. చేతులకు దోమల మందు, సన్‌స్క్రీన్ ఉండకూడదు.

హేచరీలో గూళ్ల మధ్య మీటరు ఎడం, పోటు నీరు అందని ఎత్తు, ఒక్కో గూటికి తేదీ, గుడ్ల సంఖ్య రాసిన చీటీ. పొదుగుదలకు 45 నుంచి 55 రోజులు పడుతుంది. ఇసుక వేడి పిల్లల లింగాన్ని నిర్ణయిస్తుంది. 30 డిగ్రీలు దాటితే ఎక్కువగా ఆడవే. మరీ వేడెక్కితే పిండాలే చచ్చిపోతాయి, అందుకే ఏప్రిల్ ఎండకు పైన నీడ వేయాలి.

గూటిపై ఇసుక కుంగితే పిల్లలు పైకి వస్తున్నట్టే. వెదురుబుట్టతో గూటిని చుట్టి, రాత్రంతా కాపలా ఉండాలి. బయటికి వచ్చిన వెంటనే వదలాలి. బకెట్‌లో గంటల తరబడి ఉంచితే మొదటి రోజు ఈతకు దాచుకున్న శక్తి అక్కడే కరిగిపోతుంది. నీటిలో పెట్టకూడదు, కొన్ని మీటర్ల ముందే ఇసుకపై వదిలి తామే నడవనివ్వాలి. ఫోన్ ఫ్లాష్ వద్దు, వెలుగు ఎటుంటే పిల్లలు అటే పోతాయి.

రెండు మూడు రోజుల తర్వాత గూడు తవ్వి ఖాళీ పెంకులు, పగలని గుడ్లు లెక్కపెడతారు. ఎదగకుండా ఆగిన గుడ్లు ఎక్కువుంటే, ముందు చూడాల్సింది తరలించిన సమయం, గుంట లోతు రాసిన ఆ పేజీనే.