కిటికీ గట్టు మీద రాయి

మొన్న మంగళవారం నేను చూసుకునే మామ్మగారు నన్ను తిట్టారు. తిట్టారంటే గట్టిగా అరవలేదు, ఇక్కడ పెద్దవాళ్లు గొంతు తగ్గించి తిడతారు, అదే ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది. నేను చేసిందల్లా కిటికీ గట్టు మీదున్న ఒక రాయి తీసి బయట పూలకుండీ పక్కన పెట్టడమే. పిడికెడంత రాయి, పొడి రాలుతూ ఉంటుంది, తుడిచిన ప్రతిసారీ గట్టంతా తెల్లగా అయిపోతుంది. ఆవిడ చూసి, ఎవర్నడిగి తీశావ్ అన్నారు. అది కాదండీ, శుభ్రంగా ఉంటుందని, అని నేను ఏదో చెప్పబోతుంటే, పెద్ద బంగళా దొర కూడా మంచికే తీశానన్నాడు, అని కిటికీ వైపు తిరిగిపోయారు. ఇంకో గంట ఉన్నా, మాట్లాడలేదు.

నేనుండేది స్కాట్లండ్‌లో, ఫైఫ్ జిల్లాలో, కేరర్ పని. డన్ఫర్మ్లిన్ నుంచి కారేసుకుని సముద్రం పక్కనున్న చార్లెస్‌టౌన్ అనే చిన్న ఊరికి వారానికి ఐదు రోజులు వెళ్తా. స్నానం, మందులు, టిఫిను, ఇల్లు సర్దడం. కారులో తిరిగొస్తుంటే కళ్లనిండా నీళ్లు, ఎందుకంటే మనకి సర్దడం అంటే ప్రేమే కదా. పిన్ని వాళ్లింటికి వెళ్తే వంటింట్లో దూరి గిన్నెలు కడిగేస్తాం, డబ్బాలు మార్చేస్తాం, అడిగి చేస్తే పరాయిదానిలా అడుగుతావేంటే అంటుంది. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని, ఒక రాయికి పర్మిషన్ అడగాలని నాకెలా తెలుస్తుంది చెప్పండి.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ దొర ఎవరో వెతికా. థామస్ బ్రూస్, ఏడో ఎల్గిన్ ప్రభువు. మామ్మగారి ఊరి పక్కనే బ్రూమ్‌హాల్ అని వాళ్ల బంగళా, ఇప్పటికీ ఆ వంశానిదే. 1771లో కొద్ది నెలల తేడాతో తండ్రీ అన్నా పోతే ఐదేళ్లు నిండేటప్పటికి ఈయన ప్రభువైపోయాడు. మిలిటరీలో చేరి, తర్వాత రాయబారిగా బ్రసెల్స్, బెర్లిన్ తిరిగి, 1799లో మేరీ నిస్బెట్ అనే బాగా ఆస్తిపరురాలిని పెళ్లి చేసుకుని ఆ ఏడాదే తుర్కీ సుల్తాను దగ్గరికి రాయబారిగా కాన్‌స్టాంటినోపుల్‌కి, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌కి వెళ్లాడు. అప్పట్లో గ్రీసులోని ఏథెన్స్ కూడా తుర్కీవాళ్ల చేతిలోనే ఉండేది. బంగళా కడుతున్న ఆర్కిటెక్ట్ థామస్ హారిసన్, ఏథెన్స్ శిల్పాల బొమ్మలు, అచ్చులు తీయించుకు రండి అని సలహా ఇచ్చాడట. మొదలైంది అచ్చులతోనే.

1801లో ఈజిప్టులో ఫ్రెంచివాళ్లని ఇంగ్లీషువాళ్లు ఓడించడంతో తుర్కీ సర్కారుకి వీళ్ల మీద చాలా కృతజ్ఞత, అప్పుడే పర్మిషన్ కాగితం దొరికింది. ఒరిజినల్ ఇప్పుడు లేదు, ఇటాలియన్ అనువాదం ఒకటే ఉంది, అందులో రాతలూ బొమ్మలూ ఉన్న కొన్ని రాతిముక్కలు తీసుకెళ్తే అడ్డుపడొద్దని ఉంది. ఆ 'కొన్ని' అన్న మాట మీదే ఏథెన్స్‌లోని పాతకాలపు పార్థినాన్ గుడి గోడ పైవరస శిల్పాల్లో దాదాపు సగం దించేశారు. బరువెక్కువని వెనకవైపు రాయిని రంపాలతో కోసేశారు. ఇది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

ఆయనకీ సుఖం లేదు పాపం. 1802లో మెంటార్ అనే ఓడ కితిరా దీవి దగ్గర శిల్పాలతో సహా మునిగిపోయింది, ఈతగాళ్లతో తీయించడానికి రెండేళ్లు పట్టింది. 1803లో ఇంటికి వస్తూ ఫ్రాన్స్‌లో ఇరుక్కుపోయి 1806 దాకా బందీ, ఆ తర్వాత భార్యతో విడాకులు, పైన అప్పులు. 70,000 పౌండ్ల పైనే ఖర్చయిందన్నాడు, 1816లో పార్లమెంటు ఆ శిల్పాలు కొని బ్రిటిష్ మ్యూజియంకి ఇస్తూ ఆయన చేతిలో పెట్టింది 35,000. చివరికి 1841లో పారిస్‌లో పోయాడు. కొడుకు కూడా దొరే, 1860లో చైనా రాజుల వేసవి తోట తగలబెట్టించింది ఆయనే, మన వైస్రాయిగా ఉండగా 1863లో ధర్మశాలలో పోయాడు.

నన్ను పట్టేసిన విషయం వేరే. 1816లో ఆ శిల్పాలు కొనాలా వద్దా అని పార్లమెంటులో విచారణ జరిగినప్పుడు దొర తరఫువాళ్ల వాదన, మేం తీయకపోతే తుర్కీవాళ్లు ఆ పాలరాతిని కాల్చి సున్నం చేసేసేవాళ్లని. ఆ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. కానీ చార్లెస్‌టౌన్ ఊరే ఆ థామస్ దొర తండ్రి సున్నం బట్టీల కోసం కట్టించింది! సముద్రం ఒడ్డున 14 బట్టీలు, ఇప్పటికీ నల్లటి గుహల్లా నోళ్లు తెరుచుకుని నిలబడున్నాయి, 1956లో మూతపడ్డాయి. మామ్మగారి నాన్నగారు అందులోనే పనిచేశారని ఎప్పుడో చెప్పారు, నేను అప్పుడు పట్టించుకోలేదు. ఆ రాయి ఎక్కడిదో అప్పుడర్థమైంది.

మాది సత్తెనపల్లి దగ్గర. శివరాత్రికి అమరావతి వెళ్లకుండా పెరగలేదు. అక్కడ దీపాలదిన్నెలో, అంటే పాత బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బలో కూడా ఇదే జరిగింది కదా, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు ఊరు కట్టేటప్పుడు ఆ రాళ్లు తవ్వి వాడారు, కొన్ని బట్టీల్లో కాల్చి సున్నం చేశారు, 1797లో మెకెంజీ అనే కంపెనీ అధికారి వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంకో ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసు పంపిస్తే అక్కడ ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడున్నాయి, 1859లో లండన్‌కి ఓడెక్కించారు. మేమే కాపాడుకోలేదు అనే మాట నేనూ చాలాసార్లు అన్నా, అంటూ ఒప్పేసుకున్నా. పోయినేడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనకున్న మన పల్నాటి రాయి, ఆ లేత ఆకుపచ్చ తెలుపు, చూసి మా ఊరి అరుగు గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయా. అదే బిల్డింగులో ఎల్గిన్ శిల్పాలూ ఉన్నాయి. కాపాడారన్నది నిజమే కావచ్చు, కానీ మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఈ ఒక్కటి నాకు ఎటు తిప్పినా సర్దుకోవడం లేదు.

బుధవారం వెళ్లగానే కుండీ పక్కనున్న రాయి తెచ్చి, ఇది మీ నాన్నగారి బట్టీదా అని అడిగా. అవునన్నారు. సారీ చెప్పా, మా ఊరి సంగతి కూడా చెప్పా. మొత్తం విని, మీ రాళ్లు తీసుకెళ్లేటప్పుడు మీ వాళ్లని అడిగారా అన్నారు. లేదన్నా. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇప్పుడు గట్టు తుడవాలంటే ముందు ఆ రాయి ఆవిడ ఒళ్లో పెడతా. తుడవడం అయ్యాక వణుకుతున్న చేతులతో తనే పైన పెట్టుకుంటారు, కొంచెం పొడి రాలుతుంది, దాన్ని అలాగే ఉంచేస్తున్నా.