నేర్పే గంటకూ కూలి
భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్‌లో నాలుగేళ్లుగా తలలు తీస్తున్నాను. కిలో లెక్కన కూలి. కొత్తమ్మాయి పక్కన కూర్చున్నా పని చూపించేదాన్ని కాదు. ఆ కాసేపట్లో నా కిలోలు తగ్గిపోతాయని టెన్షన్. పాపం, వాళ్లు చేతులు కోసుకునేవాళ్లు.

మొన్న అందరం కలిసి యాజమాన్యాన్ని అడిగాం: నేర్పే గంటకూ కూలి కట్టాలి, మాకు గ్రేడింగ్, అంటే రొయ్యల్ని సైజు చూసి వేరు చేయడం, నేర్పాలి అని. కాగితం మీద రాసిచ్చారు. ఇప్పుడు రొయ్య చేతిలోకి తీసుకోగానే 30 కౌంటో 40 కౌంటో, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేస్తున్నాను!

జర్మనీ ఫ్యాక్టరీల్లో పని నేర్చుకునే కుర్రాళ్ల జీతం కూడా చాలావరకు యూనియన్ ఒప్పందాల్లోనే తేలుతుంది. ఇక్కడ రైస్ మిల్లు హమాలీలు బస్తా రేటు ముఠాగా మాట్లాడుకుంటారు, మిషన్ పని మాత్రం ఎవరూ నేర్పరు. అదీ అడగాలి.

రేపు ఆచంట నుంచి ఇద్దరు కొత్తగా వస్తున్నారు. మొదటి గంట నా పక్కనే.