కాకినాడ తేమలో వంగ విత్తనాలు: మూడేళ్ల మొలక లెక్కలు

2021 జూన్‌లో మా మిద్దె తోటలో 20 బెండ గింజలు నాటితే మూడే మొలిచాయి. మా అత్తగారు పెద్దాపురం నుంచి తెచ్చి ఏళ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చిన నాటు బెండ అది. అంతకు ముందటి ఏడాది కాయలు చెట్టుకే ఎండిన తరువాత నేనే గింజలు తీసి, ప్లాస్టిక్ కవరులో కట్టి, వంటింటి అలమారాలో పెట్టాను. ఆ గింజలకు పురుగు పట్టలేదు, బూజు పట్టలేదు, చేతిలో వేసుకుంటే రాళ్లలా గట్టిగానే ఉన్నాయి. కారణం తెలియక ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటరు కొని అదే అలమారాలో పెట్టి చూస్తే, జూలైలో గాలిలో తేమ 78 శాతం, వేడి 31 డిగ్రీలు చూపించింది. పలుచని ప్లాస్టిక్ కవరు నీటిని ఆపుతుంది కాని, నెలల తరబడి నీటి ఆవిరిని ఆపలేదు. గింజ చుట్టూ ఉన్న గాలిలోని తేమను కొద్దికొద్దిగా పీల్చుకుని, నిద్రలో ఉండవలసిన సమయంలో శ్వాస పెంచుకుని, మొలకకోసం దాచుకున్న శక్తిని ఖర్చు చేసుకుంటూ లోలోపలే చనిపోతుంది.

విత్తన శాస్త్రవేత్త హారింగ్టన్ చెప్పిన రెండు సూత్రాలు అప్పుడు చదివాను. గింజలోని తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుందని, నిలవ ఉంచిన చోట వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు అవుతుందని వాటి సారాంశం. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. మొదటిది గింజలో తేమ సుమారు 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నప్పుడే వర్తిస్తుంది. మా ఊరి సముద్రపు గాలిలో ఈ రెండింటిలో దేనికి ఎక్కువ ఫలితం ఉంటుందో స్వయంగా చూడాలనిపించింది.

2022 ఫిబ్రవరిలో ఒకే మడిలోని నాటు వంగ మొక్కల మీద కాయలను పసుపు రంగుకు తిరిగి మెత్తబడేదాకా వదిలేశాను. గుజ్జును నీటిలో పిసికి, పైకి తేలిన తాలు గింజలను పారబోసి, అడుగున మిగిలిన వాటిని కడిగి, నీడలో ఫ్యాను గాలికి పళ్లెంలో పలుచగా ఆరబోశాను. ఎండ మండే వేళల్లో సిమెంటు మిద్దె మీద ఆరబెట్టడం మంచిది కాదు. తడి గింజకు 40 డిగ్రీలు దాటిన వేడి హాని చేస్తుంది. తడి బట్టలో 50 గింజలు చుట్టి 14 రోజులు చూస్తే 46 మొలిచాయి. మిగిలిన గింజలను నాలుగు వాటాలు వేశాను: మొదటిది ప్లాస్టిక్ కవరులో అలమారాలో, రెండవది మా నాయనమ్మ పద్ధతిలో జల్లించిన పిడకల బూడిద కలిపి మట్టి పిడతలో, మూడవది తేమ పీల్చే సిలికా జెల్ గుళికలతో ఆరబెట్టి గట్టి మూత సీసాలో అదే అలమారాలో, నాలుగవది అలాగే ఆరబెట్టి సీసాలో వేసి ఫ్రిజ్‌లో. ఏటా ఫిబ్రవరిలో ఒక్కొక్క వాటా నుంచి 50 గింజలు తీసి మొలక కట్టాను.

కవరులోని వాటిలో మొదటి ఏడాది 34, రెండవ ఏడాది 17, మూడవ ఏడాది 2 మొలిచాయి. బూడిద పిడతలో వరుసగా 36, 22, 6. అలమారాలోని సీసాలో 45, 43, 41. ఫ్రిజ్‌లోని సీసాలో 45, 46, 44. చల్లదనం మీదే నమ్మకం పెట్టుకున్న నాకు మూడవ వాటా ఫలితం నిజంగా ఆశ్చర్యం కలిగించింది. మూడు వేసవులు 35 డిగ్రీలకు పైగా వేడిలో ఉన్నా, పొడిగా ఉన్నందువల్లనే ఆ గింజలు నిలిచాయి.

బూడిద పద్ధతిని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. సన్నని బూడిద పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకి దానిని ఎండగడుతుంది, గింజల మధ్య సందులు పూడ్చి తిరగనివ్వదు. కందులకు ఎర్రమట్టి కట్టడంలోని మర్మం కూడా అదే. నా పిడతలోనూ ఒక్క పురుగు కనబడలేదు. అయితే మట్టి పిడత గాలిని పీలుస్తుంది కనుక కోస్తా తేమ లోపలికి వస్తూనే ఉంటుంది. పొడి నేలల్లో ఏళ్ల తరబడి పనికివచ్చిన పాత్ర ఇక్కడ చాలదని నాకు అర్థమైంది.

ఆరబెట్టే పని గురించి కొంత వివరంగా చెప్పాలి. గింజల బరువుకు సమానమైన బరువు సిలికా జెల్ తీసుకుని, గింజలను కాగితపు కవరులో ఉంచి, రెండింటినీ ఒకే సీసాలో వేసి మూత బిగిస్తాను. నారింజ రంగు జెల్ తేమ పీల్చుకున్నకొద్దీ ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది. తిరిగిన వాటిని ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికివస్తాయి. లోపల పెట్టిన హైగ్రోమీటరు 25 శాతం దగ్గర నిలిచేసరికి వంగకు వారం పట్టింది. జెల్ దొరకనప్పుడు బియ్యాన్ని పెనం మీద బాగా వేయించి, మూత పెట్టి చల్లార్చి వాడాను. పని చేస్తుంది కాని ఎక్కువ బియ్యం కావాలి. సొర గింజను వంచితే వంగకుండా ఫట్టున విరగాలి, చిక్కుడు గింజను సుత్తితో కొడితే చితకకుండా పలుకులుగా పగలాలి. అలా ఉంటేనే సీసాకెక్కిస్తాను.

ఫ్రిజ్ వాడేవారు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. సీసాను బయటకు తీసిన వెంటనే మూత తెరిస్తే గాలిలోని తేమ చల్లని గింజల మీద చెమ్మగా చేరుతుంది. నేను రాత్రి తీసి ఉదయం తెరుస్తున్నాను. అలసంద, చిక్కుడు గింజలకు పుచ్చు పురుగు గుడ్లు తోటలోనే అంటుకుని వస్తాయి కనుక, వాటిని బాగా ఎండిన తరువాత వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి తీస్తాను. తేమ ఉన్న గింజను గడ్డకట్టిస్తే పురుగుతో పాటు గింజ కూడా చస్తుంది. మరీ ఎండిన చిక్కుడును నేరుగా నీళ్లలో నానబెడితే బద్దలు పగుళ్లు తీస్తున్నాయి. అందువల్ల నాటడానికి రెండు రోజుల ముందు మూత తీసి గది గాలికి వదులుతాను.

అన్ని గింజలకూ ఈ పద్ధతి చెల్లదు. కరివేపాకు, పనస, మామిడి గింజలను ఎండబెడితేనే చనిపోతాయి, తాజాగా నాటుకోవాలి. ఉల్లి గింజ ఎంత జాగ్రత్త పడినా మిగతావాటి కంటే త్వరగా ముసలిదవుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ జన్యు బ్యాంకులో జొన్న, కంది వంటి పంటల విత్తనాలను ముందుగా 15 డిగ్రీల చల్లదనంలో, 15 శాతం తేమ ఉన్న గదిలో ఆరబెట్టి, దీర్ఘకాలపు నిలవకు మైనస్ 20 డిగ్రీల గదికి పంపుతారు. అంత పెద్ద చోట కూడా ఎండబెట్టడమే ముందు, చలి తరువాత అని తెలిసినప్పుడు, నా అలమారా సీసా మీద నమ్మకం పెరిగింది.

నాటు బెండ గింజలు పెద్దాపురంలో అత్తగారి అన్నయ్య ఇంట్లో మిగిలి ఉన్నాయని తెలిసి, 2024లో గుప్పెడు తెచ్చుకుని నాటాను. వాటి నుంచి 2025లో తీసిన విత్తనాన్ని ఒకే సీసాలో వేయకుండా ఐదు చిన్న సీసాల్లో సర్దాను, ఎందుకంటే మూత తెరిచిన ప్రతిసారీ తేమ లోపలికి వస్తుంది. చీటీల మీద రకం, తీసిన నెల, మొలక లెక్క పెన్సిలుతో రాసి సీసాల లోపలే వేశాను. చివరి సీసా మూతకు మాత్రం 2030 ఫిబ్రవరి వరకు తెరవకూడదని రాసి టేపు అంటించాను.